ముందు పళ్లు మార్చేముందు వెనక పళ్లు లెక్కపెట్టండి

ప్రశ్న: మాది విజయనగరం. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. వయసు 43. నిరుడు సెకండ్ హ్యాండ్‌లో ఒక రోడ్ బైక్ కొన్నాను. గేర్లు షిమానో 105 రకం, 10 స్పీడు, అంటే వెనక పది పళ్ల చక్రాలు. ముందు 53-39 పళ్లు, వెనక 12 నుంచి 25 దాకా. ఆదివారాలు భోగాపురం వైపో భీమిలి వైపో తొక్కుతాను, ఏ ఇబ్బందీ లేదు. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కబోతే మాత్రం రెండుసార్లూ టైడా దాటాక దిగి నడిపించాల్సి వచ్చింది. మర్నాడు స్కూల్లో మెట్లెక్కుతుంటే మోకాళ్లు మొరాయించాయి. కొందరు కాంపాక్ట్ క్రాంక్, అంటే ముందు పళ్లు తక్కువుండే 50-34 రకం, వేయించమంటున్నారు. అది ముసలాళ్ల సామాను, 52-36 చాలు అని ఇంకొందరు. కాంపాక్ట్ వేస్తే హైవే మీద స్పీడు పోతుందా? అసలు నా సైకిలుకి పడుతుందా? ఒకసారి కొని, నచ్చక మళ్లీ ఇంకోటి కొనే స్తోమత లేదు. పేరు వేయొద్దు.

జవాబు: మాస్టారూ, కాంపాక్టే వేయించండి. 50-34. మీ దారికీ మీ మోకాళ్లకీ అదే సరి. అయితే పర్సు తీసేముందు సైకిలు వెనక్కి వెళ్లి ఒక పీట వేసుకుని కూర్చోండి. మీ కష్టంలో సగం అక్కడుంది. చాలామంది ముందు పళ్ల గురించే కొట్టుకుంటారు. ఘాట్‌లో మనల్ని ఆపేది ముందు చిన్న రింగూ వెనక పెద్ద పళ్ల చక్రమూ కలిసి.

మీరు లెక్కల మనిషి కాబట్టి లెక్కే చెబుతాను. 39ని 25తో భాగిస్తే 1.56. పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 1.56 చుట్లు తిరుగుతుందన్నమాట. 25 మిల్లీమీటర్ల టైరు వేసిన 700 చక్రం చుట్టుకొలత సుమారు 2.1 మీటర్లు. ఇప్పుడు ఘాట్‌లో గంటకు 10 కిలోమీటర్లు వెళ్తున్నారనుకోండి. మనలాంటి వాళ్లకి ఎత్తులో అదే ఎక్కువ. నిమిషానికి 167 మీటర్లు. మీ సైకిల్లో ఉన్న అతి తేలిక గేరులో ఆ స్పీడుకి నిమిషానికి 51 చుట్లు తొక్కుతారు. చదును రోడ్డు మీద మీ కాళ్లకి బహుశా 80, 85 అలవాటై ఉంటుంది. చేసే పని అంతే, తొక్కుళ్లు తగ్గాయి. అంటే ఒక్కో తొక్కుడు బరువెక్కింది. ఆ బరువంతా మోకాలి చిప్ప మీద పడుతుంది. కాళ్లలో బలం లేక దిగిపోయారని మీరు అనుకుంటున్నారేమో, నాకు మాత్రం గేరు చాలక దిగారనిపిస్తోంది.

ఇక్కడ ఒక తమాషా చూడండి. క్రాంక్ అలాగే ఉంచి వెనక క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల కట్ట) మాత్రం 12-28 వేశారనుకోండి. 39 బై 28, అంటే 1.39. క్యాసెట్ అలాగే ఉంచి కాంపాక్ట్ క్రాంక్ మాత్రం వేశారనుకోండి. 34 బై 25, అంటే 1.36. రెండూ దాదాపు ఒకటే! అదే 10 కిలోమీటర్ల స్పీడుకి ఒకదాంట్లో 57 చుట్లు, ఇంకోదాంట్లో 58. క్యాసెట్ ఖరీదు క్రాంక్ ఖరీదులో చిన్న వాటా. ఈ సంగతి క్రాంకులు అమ్మేవాళ్లు మనకెందుకు చెబుతారు?

అందుకని ముందు క్యాసెట్ మార్చండి. 10 స్పీడు 12-25లో పళ్ల వరస 12, 13, 14, 15, 16, 17, 19, 21, 23, 25. 12-28లో 16 పోయి చివర 28 చేరుతుంది, మిగతావన్నీ అవే. భోగాపురం రోడ్డు మీద ఆ 16 పళ్ల చక్రం లేని లోటు ఒకటి రెండు వారాలు తెలుస్తుంది, తర్వాత మరిచిపోతారు. ఆ క్యాసెట్‌తో ఒక ఆదివారం బొడ్డవర దాటి కొండ దారి పట్టండి. దిగకుండా అనంతగిరి చేరితే క్రాంక్ డబ్బులు మిగిలినట్టే. నా అంచనా అడిగితే, చేరతారు గానీ చివరి వంపులు తిట్టుకుంటూ చేరతారు. అప్పుడు కాంపాక్ట్ వేయిస్తే 34 బై 28, అంటే 1.21. అదే స్పీడుకి 65 చుట్లు. ఇప్పటి గేరుతో పోలిస్తే ఒక్కో తొక్కుడు బరువు 22 శాతం తగ్గుతుంది. క్యాసెట్ ఎలాగూ కావాల్సిందే కనుక దాని మీద పెట్టిన డబ్బు వృథా కాదు, రెండుసార్లు కొన్నట్టూ కాదు.

ఇక ముసలాళ్ల సామాను మాట. నేనూ ఒకప్పుడు ఆ మాట విన్నవాణ్ణే, విని చెడినవాణ్ణే. మాది శ్రీకాకుళం. కళింగపట్నం దాకా పోయినా ఎత్తు అంటే వంతెన ఎక్కడమే. ఆ చదునులో 53 పళ్ల రింగు మెరుస్తుంటే టీ కొట్టు దగ్గర నలుగురూ చూసేవాళ్లు, నాకది బాగుండేది. అయితే ఆ 53ని వెనక 12తో కలిపి నేను ఏడాది మొత్తంలో ఎన్నిసార్లు తొక్కానో తెలుసా? లారీ వెనక గాలిచాటున రెండుసార్లు. ఆ రెండుసార్లు కూడా తొక్కకుండా ఉండాల్సింది, అది వేరే సంగతి.

మీ స్పీడు భయానికీ అంకెలే మందు. నిమిషానికి 90 చుట్ల లెక్కన 53-12లో గంటకు 50 కిలోమీటర్లు వస్తాయి. 50-12లో 47. తేడా మూడు కిలోమీటర్లు. సొంత కాలి బలంతో చదును మీద 47లో నిలదొక్కుకునేవాళ్లు నాకు ఉత్తరాలు రాయరు, రేసుల్లో ఉంటారు. దిగుడులో అంటారా, అనంతగిరి నుంచి దిగేటప్పుడు 45 దాటాక తొక్కడం ఆపి ఒంగి కూర్చుంటే చాలు, ఆ వంపుల్లో మీ ధ్యాస బ్రేకుల మీదే ఉంటుంది. ఇంకో సంగతి. కాంపాక్ట్‌తో పాటు 11తో మొదలయ్యే క్యాసెట్ ఉంటే 50-11లో 51 దాటుతుంది. మీ పాత 53-12 కంటే ఎక్కువే! 11-28 కూడా దొరుకుతుంది. కానీ దాంట్లో 21 తర్వాత 24, ఆ తర్వాత 28. ఎక్కేటప్పుడు ఆ అంగలు కాస్త పెద్దవనిపిస్తాయి. మీకు 12-28 నయం.

చదును మీద కాంపాక్ట్‌లో నిజంగా ఒక చిరాకు ఉంది, దాచడం దేనికి. ఎదురుగాలిలో 24, 26 కిలోమీటర్ల స్పీడులో వెళ్తున్నప్పుడు పెద్ద రింగులో ఉంటే చైన్ వెనక పెద్ద పళ్ల వైపు పోతుంది, చిన్న రింగులోకి దిగితే వెనక చిన్న పళ్ల వైపు పోతుంది. మధ్యలో ఊగిసలాట. సముద్రపు గాలికి ఎదురు తొక్కే మన వాళ్లందరూ దీని మీద సణుగుతారు. 50-21లో 85 చుట్లకి 25 కిలోమీటర్లు వస్తాయి, ఆ గేరు చైన్‌కి ఏమీ హాని చేయదు. నేను గాలి రోజుల్లో దాంట్లోనే ఉంటాను.

52-36 ఎందుకు వద్దన్నానంటే, 36 బై 28 అంటే 1.29, 62 చుట్లు. కాంపాక్ట్ కంటే మూడు చుట్లు తక్కువ. చిన్న తేడాయే. ఇప్పటికే ఘాట్‌లు ఎక్కేస్తూ చదును మీద గుంపుతో రేసుల్లా తొక్కే పాతికేళ్ల కుర్రాడైతే అదే చెప్పేవాణ్ణి. మీరు రెండుసార్లు దిగి నడిచారు. మీకు ఆ మూడు చుట్లే కావాలి.

మీ సైకిలుకి పడుతుందా అన్నది అసలైన ప్రశ్న. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను.

మొదట మీకు రాబోయే ఆలోచన, ఉన్న క్రాంక్‌కే 34 పళ్ల రింగు బిగిస్తే పోదా అని. పోదు. 105లో 10 స్పీడు 53-39 క్రాంక్ అంటే రింగును పట్టుకునే ఐదు బోల్టులు 130 మిల్లీమీటర్ల వలయం మీద ఉంటాయి. చైన్ పిన్నుకీ పిన్నుకీ మధ్య 12.7 మిల్లీమీటర్లు. 34 పళ్ల రింగు మీద చైన్ కూర్చునే వలయం అడ్డంగా 137 మిల్లీమీటర్లే. బోల్టుల వలయమే 130 అయితే బోల్టు తలకి చోటెక్కడ? అందుకే ఆ క్రాంక్‌కి 38 కంటే తక్కువ పళ్ల రింగు పట్టదు. కాంపాక్ట్‌లో ఆ వలయాన్ని 110కి కుదించారు, ఆ పేరు అందుకే. ఎవరైనా పాత క్రాంక్ అమ్ముతూ ఇది కాంపాక్టే అంటే స్కేలు పెట్టండి. ఐదు బోల్టులదైతే పక్కపక్కనున్న రెండు బోల్టుల నడుమల మధ్య 65 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ ఉంటే 110ది. 76 దాటితే మీ దగ్గరున్నదే మళ్లీ కొంటున్నారు. షిమానో తర్వాత తర్వాత నాలుగు బోల్టుల క్రాంకులు తెచ్చింది, వాటిలో పెద్ద రింగులకీ చిన్న రింగులకీ అదే 110. వాటికి ఈ కొలత పనికిరాదు, రింగు మీద రాసిన పళ్లు చదువుకోవాలి.

105లో మీకు సరిపోయే 10 స్పీడు కాంపాక్ట్ క్రాంక్ లోపలి వైపు 5750 అని ఉంటుంది. షిమానోదే టియాగ్రా 4700 కూడా 10 స్పీడుదే, 50-34లో వస్తుంది. 105 కాదు కదా అని చిన్నబుచ్చుకోకండి. బరువు కాస్త ఎక్కువ, కొండ ఎక్కించడంలో తేడా లేదు. ఈ రెండూ 24 మిల్లీమీటర్ల బోలు యాక్సిల్ రకం. మీ 105 క్రాంక్ కూడా అదే రకం కాబట్టి బాటమ్ బ్రాకెట్ కప్పులు (క్రాంక్ యాక్సిల్ తిరిగే బేరింగులు) మార్చక్కర్లేదు. క్రాంక్ తీసినప్పుడు వేలు పెట్టి తిప్పి చూడండి. మెత్తగా తిరిగితే ఉంచేయండి. గరగరమంటే కొత్తవి వేయించండి. వేయించేటప్పుడు ఒక జాగ్రత్త: ఇంగ్లిష్ మరలున్న ఫ్రేములో చైన్ వైపు కప్పుకి మర ఎదురు తిరుగుతుంది. మామూలు మర అనుకుని బలంగా తిప్పితే ఫ్రేముకే దెబ్బ.

ఈ పని మామూలు రిపేరు షాపులో చేయించవచ్చా? పనివాడు మంచివాడైతే చేయించవచ్చు. కానీ వీధి చివర షాపులో క్రాంక్ అనగానే చెయ్యి సుత్తి మీదికి పోతుంది. అది వాళ్ల తప్పు కాదు, క్రాంక్‌ని కాటర్ పిన్ను కొట్టి బిగించే పాత సైకిళ్లతో బతికిన చేతులవి. మీ క్రాంక్‌కి సుత్తి అక్కర్లేదు. ఎడమ క్రాంక్ చివరనున్న ప్లాస్టిక్ మూతని దాని టూల్‌తో వేళ్లతో తిప్పినంత బలంతోనే బిగించాలి, ఆడకుండా ఉంటే చాలు. ఆ తర్వాత రెండు అలెన్ బోల్టుల్ని ఒకటి విడిచి ఒకటి, కొంచెం కొంచెంగా, 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. టార్క్ రెంచి లేని షాపు అయితే విశాఖ తీసుకెళ్లడం మంచిది.

ఇప్పుడు వెనక డిరైలర్, అంటే చైన్‌ని ఒక పళ్ల చక్రం మీంచి ఇంకోదాని మీదికి మార్చేది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే. దానికి రెండు హద్దులుంటాయి. ఎంత పెద్ద పళ్ల చక్రం దాకా ఎక్కించగలదు, మొత్తం ఎంత వదులు చైన్‌ని లాగి పట్టగలదు. రెండో దానికి లెక్క తేలిక. ముందు పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి, వెనక కూడా అలాగే, రెండూ కలపండి. ఇప్పుడు మీది 14, 13, మొత్తం 27. కాంపాక్టూ 12-28 క్యాసెటూ వేశాక 16, 16, మొత్తం 32. డిరైలర్ మీద నంబరు చెక్కి ఉంటుంది, దుమ్ము తుడిచి చూడండి. 5700 అయి చిన్న కేజ్ (చైన్‌ని లాగి పట్టే కింది చట్రం) ఉంటే దాని హద్దు 33, 28 పళ్లని హాయిగా ఎక్కిస్తుంది, బెంగ లేదు. 5600 అయి చిన్న కేజ్ అయితే కంపెనీ చెప్పిన హద్దులు 27 పళ్లు, 29 వదులు. 28 ఒక్క పన్నే ఎక్కువ, చాలా సైకిళ్లలో పక్కనున్న చిన్న స్క్రూ కాస్త తిప్పితే ఒప్పుకుంటుంది. కాంపాక్ట్‌తో కలిపితే మాత్రం ముందు చిన్నది, వెనక చిన్నది పెట్టినప్పుడు చైన్ వేలాడుతుంది. ఆ గేరు ఎవరూ వాడకూడదు కూడా. వేలాడితే వేలాడనివ్వండి. ప్రమాదం రెండో వైపుంది. ముందు పెద్దది, వెనక పెద్దది పడినప్పుడు చైన్ పొట్టిగా ఉంటే డిరైలరే విరుగుతుంది. పొరపాటున ఒకసారి ఆ గేరు పడకుండా ఉండదు. అందుకని చైన్ పొడవు ఆ రెండు పెద్ద చక్రాల మీద వేసి చూసుకునే కోయించండి.

అన్నట్టు పాత చైన్ మాట. కొత్త పళ్ల మీద అరిగిన చైన్ వేస్తే ఎక్కేటప్పుడు టకటకమని జారుతుంది. స్టీలు స్కేలు పెట్టి 24 లింకులు కొలవండి, సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు సాగిందంటే మార్చేయండి.

ముందు డిరైలర్‌ని కిందికి దించాలి. ఎంతంటే, ఒక పన్ను తగ్గితే రింగు వ్యాసార్ధం 2 మిల్లీమీటర్లు తగ్గుతుంది. మూడు పళ్లకి 6. డిరైలర్ పలకకీ పెద్ద రింగు పళ్లకీ మధ్య 1 నుంచి 3 మిల్లీమీటర్లు వదలాలి. రూపాయి బిళ్ల దూర్చి చూస్తే అందాజుగా తెలుస్తుంది. మీ సైకిల్లో అది ఫ్రేము చుట్టూ పట్టీతో బిగించే రకం అయితే సులువు. ఫ్రేముకే అతికిన కొక్కానికి బిగించే రకం అయితే దాని గాడిలో కిందికి 6 మిల్లీమీటర్లు మిగిలి ఉందో లేదో కొనక ముందే చూడండి. కొన్నాక తెలిస్తే మీ టెన్షన్ మీకూ, నా టెన్షన్ నాకూ.

క్రాంక్ చేయి పొడవు మార్చకండి. ఇప్పుడున్న దాని వెనక 170 అనో 172.5 అనో ఉంటుంది, అదే తీసుకోండి. మోకాళ్లు నొప్పెడుతున్నప్పుడు ఒకేసారి రెండు మార్చితే ఏది మేలు చేసిందో తెలీదు. ఒకటి మాత్రం ఖర్చు లేకుండా ఇవాళే చేయవచ్చు. సీటు మీద కూర్చుని, పెడల్ కింద ఉన్నప్పుడు మడమ పెట్టి చూడండి. కాలు నిటారుగా రావాలి. మోకాలు బాగా వంగి ఉంటే సీటు తక్కువైనట్టు, మోకాలి ముందు భాగం నొప్పికి అదీ ఒక కారణం. వాపు వచ్చినా, తొక్కని రోజుల్లో కూడా నొప్పి ఉన్నా ఎముకల డాక్టరుకి చూపించండి. క్రాంకుతో పోయేది కాదది.

కాంపాక్ట్ వేశాక మొదటి నెల చైన్ పడేసుకుంటారు. నేనూ పడేసుకున్నాను. 50 నుంచి 34కి దిగడమంటే ఒకేసారి 16 పళ్లు. చైన్ చిన్న రింగుని కూడా దాటి ఫ్రేము మీద పడుతుంది. టైడా పైన ఒక వంపులో, ఎత్తు మొదలై కాలు బిగుసుకున్నాక అప్పుడు నొక్కాను ముందు గేరు. చైన్ ఊడింది. రెండు పాదాలూ పెడళ్లకి అతుక్కుని ఉన్నాయి, ఆ బూట్లు అలాంటివి. సైకిలు ఆగింది, నేను నిలువునా పక్కకి ఒరిగాను. అనాసపళ్లు కోసి అమ్ముతున్న ముసలమ్మ కత్తి పక్కన పెట్టి "ఏటి బాబూ, గొలుసూడిపోనాదా?" అంది. మోచెయ్యి కంటే ఆ మాట ఎక్కువ మండింది. ఉప్పూ కారం జల్లిన ముక్క చేతిలో పెట్టి డబ్బులు తీసుకోలేదు.

మీరు అలా చేయకండి. ఎత్తు కనబడగానే, ఇంకా కాలు తేలిగ్గా ఆడుతుండగానే, ఒక్క క్షణం పట్టు సడలించి ముందు చిన్న రింగుకి దించండి. దించుతూనే వెనక రెండు మూడు గేర్లు బరువు వైపు నొక్కండి. లేకపోతే కాళ్లు గాల్లో కొట్టుకున్నట్టు గిర్రున తిరుగుతాయి. ఉదాహరణకి 50-21, 34-15 దాదాపు ఒకటే బరువు, మధ్యలో వెనక మూడు నొక్కులు. ఎత్తు ఎక్కబోతున్నప్పుడు తేలిక కావాలి కాబట్టి రెండు చాలు. ఇంటి ముందు చదును మీద వారం రోజులు ప్రాక్టీస్ చేస్తే వేళ్లకి వచ్చేస్తుంది. అప్పటికీ చైన్ పడుతుంటే ముందు డిరైలర్ లోపలి హద్దు స్క్రూని పావు చుట్టు బిగించమనండి, చైన్ క్యాచర్ అని చిన్న కొక్కెం దొరుకుతుంది, అదీ పెట్టించుకోవచ్చు.

ఇక ఆ పాత 53-39. పాత ఇనుము వాడికి వేయకండి. మా వీధిలో పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు టీ కొట్టు దగ్గర చూపించుకోడానికి సరిగ్గా అలాంటిదే వెతుకుతున్నాడు. చేయి పొడవు 170 అయితే నాకో ముక్క రాయండి.